చచ్చిన కాలు వైపు

సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు, వంటింటి పక్క గది.
రాత్రి పదిన్నర.
డిపోలో బస్సు అప్పగించి వచ్చి
చొక్కాకి డీజిలు వాసన ఇంకా వదలకముందే
గన్నవరం రన్‌వే మీద నిలబడి ఉంటాను.

నా విమానం పెడళ్ళు మా అమ్మ కుట్టుమిషనువి.
ఆటోనగర్ పిచ్చేశ్వరరావు రెండుగా కోసి, అతికి,
"ఇంతకీ మైలేజీ ఎంతిస్తది జక్రయ్యా?" అన్నాడు.
కిందింట్లో ఉన్నప్పుడు బుడమేరొచ్చి
స్టీరింగు మూడు రోజులు నీళ్ళలో నానింది.
మేడ మీద వడియాల పక్కన ఎండబెట్టాను.
ఇప్పటికీ ఎడమకి తిప్పితే
లోపలెక్కడో ఇసుక నములుతుంది.

ఎదురు వాటాలో షాహిన, డిప్లొమా రెండో ఏడు.
నా పక్క సీటు ఆమెది, అంటే ప్లాస్టిక్ స్టూలు.
ఏది చెడగొట్టాలో ఆమే ఎంచుకుంటుంది,
నాకు చెప్పదు.
ఇంధనం కారడం, చక్రం దిగకపోవడం,
మబ్బులో ముల్లు అబద్ధం చెప్పడం.
అట్ల కాడ తిరగేసినంత తేలిగ్గా
ఒక్క మీట నొక్కి, టీ తాగుతూ కూర్చుంటుంది.

నాలుగొందల అడుగులు.
ముక్కు ఎడమకి లాగింది.
గుండె చెయ్యి కంటే ముందు పరిగెత్తింది.
"ఆగండి," అంటుంది షాహిన,
ట్రిప్పు షీట్ల వెనక రాసుకున్న పాఠం తీసి చదువుతుంది:
ముందు ఎగురు.
తర్వాత దారి చూడు.
మాట్లాడ్డం ఆఖర్న.
ఏ కాలికి పని లేదో
ఆ వైపు ఇంజను చచ్చినట్టు.
చచ్చినదాన్ని వేలితో చూపించు, పైకి చెప్పు,
ఇంకోసారి చూడు,
అప్పుడు ముట్టుకో.
వెనక్కి తిరిగితే రన్‌వే అందుతుందనిపిస్తుంది.
అందదు.

ఎన్నిసార్లు విన్నానో!
అయినా ఆ తొందరలో
బతికున్న ఇంజను గొంతు నా చేత్తోనే నులిమాను.
గాల్లో అంత నిశ్శబ్దం
ఏ ప్రార్థనలోనూ వినలేదు.

లెక్కలన్నీ షాహినే రాస్తుంది:
నున్న మామిడితోటల్లో ఏడు,
కొండపల్లి కొండకి నాలుగు,
ఉండవల్లి గుహల మీద మూడు.
కృష్ణలో ఎన్నో
రాయడం మానేసింది.

మొన్న మంగళవారం, గుంటూరు నుంచి వస్తున్నాను.
తాడేపల్లి దాటాక, ముందు వారధి కనిపిస్తుండగా
బజరు మోగింది.
గాలి ముల్లు ఐదు, నాలుగున్నర, నాలుగు.
నలభై ఆరుగురు, రెండు కోళ్ళ గంపలు,
చంటిదానికి పాలు పడుతున్న ఒక తల్లి.

నా నోరే చదవడం మొదలుపెట్టింది.
"ముందు నడుపు. తర్వాత దారి చూడు."
మూడో గేరు. రెండో గేరు.
ముల్లుని వేలితో చూపించాను, పైకి చెప్పాను,
ఇంకోసారి చూశాను.
ఎడమ అద్దంలో ఆటో పోయేదాకా ఆగాను.
బ్రేకు మీద తైతక్కలాడకుండా
ఉన్న గాలినంతా ఒక్క తొక్కుడికి దాచుకున్నాను.
వారధికి ఇవతల, చెరకు రసం బండి పక్కన,
బస్సు ముసలి గేదెలా
నెమ్మదిగా మట్టిలోకి దిగి ఆగింది.

కండక్టరు మాణిక్యమ్మ దగ్గరికొచ్చి
"ఏం చదువుతున్నావన్నా, కీర్తనా?" అంది.
జనం దిగారు, తిట్టారు,
ఆర్టీసీని ఒకసారి, నన్ను రెండుసార్లు,
వెనక వచ్చిన బస్సెక్కి పోయారు.
చంటిది నిద్ర కూడా లేవలేదు.
నేను చెరకు రసం తాగాను,
గ్లాసు పళ్ళకి కొట్టుకుంటుంటే.

ఆ రాత్రి షాహినకి చెప్పాను.
టీ పక్కన పెట్టి
"చెయ్యి వణికిందా?" అంది.
"అప్పుడు కాదు. తర్వాత."
తలూపి, కాగితం మీద ఏదో రాసుకుంది.
శభాష్ అంటుందేమోనని చూశాను.
అనలేదు. మీట దగ్గరికి చెయ్యి పోనిచ్చింది.

గన్నవరం. నాలుగొందల అడుగులు.
ఈసారి ముక్కు కుడికి.
పొద్దున ధైర్యం ఇంకా ఒంట్లో ఉంది కదా,
వేలు చూపించలేదు, పైకి చెప్పలేదు,
ఠక్కున లాగేశాను.

అదే నిశ్శబ్దం.
కింద వీధి దీపాలు, వాటి అవతల
నల్లగా, తీరిగ్గా, కృష్ణ.

షాహిన కలం మూత తీసి
కొత్త కాగితం మీద రాసింది:
కృష్ణలో, ఒకటి.